గోరంట్ల ఎండలో వెన్న లేని పప్స్

గోరంట్లలో గానీ హిందూపురంలో గానీ బస్టాండు పక్కనున్న బేకరీలో ఒక వెజ్ పప్స్ కొని కొరకండి. ముక్కుకు వెన్న వాసన తగులుతుంది, పొరలు పొట్టుపొట్టుగా చొక్కా మీద రాలతాయి. ఎంత వెన్న పెట్టాడో మహానుభావుడు అనుకుంటాం. నిజానికి అందులో వెన్న ఉండటం చాలా అరుదు. ఆ ధరకు వెన్న పెట్టి అమ్మితే బేకరీ ఆయన నెల తిరిగేసరికి షట్టరు దించుకోవాలి. పొరల మధ్య ఉండేది వనస్పతి, లేకపోతే బేకరీ మార్జరీను. మరి వాసన సంగతేమిటంటారా? వెన్నకు ఆ వాసన తెచ్చే ముఖ్యమైన పదార్థాల్లో డైఎసిటైల్ ఒకటి. దాన్ని ఆవు దగ్గరికి పోకుండా ఫ్యాక్టరీలోనే తయారు చేసి మార్జరీనులో కలుపుతారు.

అందుకే మా మనవరాలు బెంగళూరు నుంచి వచ్చి, "తాతా, పాలు, నెయ్యి, గుడ్డు ఏవీ లేకుండా పప్స్ చెయ్యొచ్చా?" అని అడిగితే నాకు నవ్వొచ్చింది. "నువ్వు బడికి పోయే రోజుల నుంచి దాదాపు అదే తింటున్నావు కదమ్మీ" అన్నాను. ఆ "దాదాపు"ను పట్టుకుని కూర్చుంది. ఆ పిల్లకు చెప్పిన కబుర్లే ఇవి, కాస్త కుదురుగా కూర్చి చెబుతున్నాను.

ముందు ఈ వీగన్ వ్యవహారం ఏమిటో చూద్దాం. మాంసం, గుడ్డు మానేసేవాళ్లను మనం ఎప్పటినుంచో ఎరుగుదుం. వీళ్లు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా వద్దంటారు. జంతువు నుంచి వచ్చేది ఏదీ పనికిరాదు. ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన 1944లో మరికొందరితో కలిసి వీగన్ సొసైటీ పెట్టినప్పటి నుంచి ఆ పేరు వాడుకలోకి వచ్చింది. తిండితోనే ఆగదు సుమండీ. ఇటు ధర్మవరం, అటు హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు, మధ్యలో మన గోరంట్ల. అలాంటి చోట పుట్టిన మా మనవరాలు పెళ్లికి పట్టుచీర వద్దంది. గూటిలో పురుగు ఉండగానే ఆవిరి పట్టి దారం తీస్తారని దాని బాధ. హైదరాబాదులో కుసుమ రాజయ్యగారు పురుగు గూడు వదిలి వెళ్లాక దారం తీసే అహింసా పట్టు నేయించారని చెబితే వాళ్ల అవ్వకు ప్రాణం కుదుటపడింది. పాలసముద్రం అనే ఊరున్న మండలంలో పాలు వద్దనే పిల్ల పుట్టడం మాత్రం దేవుడి చమత్కారమే.

మన ప్రభుత్వ ఆహార సంస్థ, అదే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, 2022లో వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు తెచ్చింది. ఆకుపచ్చ వి అక్షరం, దాని మీద ఒక చిన్న ఆకు, ఇదీ గుర్తు. మనం రోజూ ప్యాకెట్ల మీద చూసే ఆకుపచ్చ చుక్క వేరు. ఆ చుక్క ఉన్నదాంట్లో పాలు, వెన్న, పాలపొడి ఏదైనా ఉండొచ్చు.

ఇప్పుడు బేకరీ దగ్గరికి వద్దాం. మన వైపు ఏ ఊరికి పోయినా అయ్యంగార్ బేకరీ అనే బోర్డు కనబడుతుంది. ఆ బోర్డు పెట్టిన ప్రతి ఒక్కరూ అయ్యంగార్లు కారు, అది వేరే సంగతి. మూలం మాత్రం బెంగళూరు. హాసన్ ప్రాంతం నుంచి వచ్చిన హెచ్.ఎస్. తిరుమలాచార్ 1898లో చిక్‌పేటలో పెట్టిన బి.బి. బేకరీని ఆ పరంపరకు ఆరంభంగా చెబుతారు. మడి ఇంటివాళ్లు బ్రెడ్డు, కేకు, బన్ను చేయాలంటే గుడ్డు పనికిరాదు. గుడ్డు లేకుండా ఎలా పొంగించాలో వాళ్లు అప్పుడే తలబద్దలు కొట్టుకుని తేల్చేశారు. మా మనవరాలి సమస్యలో సగం అలా నూరేళ్ల కిందటే తీరిపోయింది. రెండో సగాన్ని, అంటే వెన్నను, డబ్బు తీర్చింది. వనస్పతి చవక, అంతే. ఎవరూ ఆవు మీద జాలిపడి చెయ్యలేదు.

అయితే పొరలు ఎలా విడతాయి? గుడ్డు లేదు, సోడా లేదు, ఈస్టు లేదు. అయినా అర అంగుళం కూడా లేని పిండి రెండు అంగుళాలు లేస్తుంది. దాన్ని లేపేది నీళ్లు. పిండి కలపడానికి పోసిన మామూలు నీళ్లే.

ఒక మిల్లీలీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1,700 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తాయి. ఓవెన్‌లో పెట్టగానే ప్రతి పిండిపొరలోని నీళ్లూ ఆవిరై, బయటికి పోవడానికి దారి వెతుక్కుంటాయి. పొరకూ పొరకూ మధ్య కొవ్వు ఉంది కాబట్టి రెండు పొరలు అంటుకోవు, ఆవిరికి అక్కడ సందు దొరుకుతుంది. పై పొరను ఎత్తుతుంది. పిండిలో ఉన్న గ్లూటెన్ అనే జిగురు సాగుతుంది కాబట్టి పొర చిరిగిపోదు. ఈలోగా వేడికి గంజి ఉడికి, గ్లూటెన్ గట్టిపడి, ఎత్తిన పొర ఎత్తినట్టే బిగుసుకుపోతుంది. తరువాత తేమ ఆరిపోయి కరకరలాడుతుంది. ఇంతే కథ. దీంట్లో కొవ్వు చేసే పని రెండు పొరల మధ్య అడ్డంగా పడుకోవడం. ఆ కొవ్వు పాలలో పుట్టిందా, గింజలో పుట్టిందా అని పిండి అడగదు.

పొరలెన్నో లెక్క కట్టడం పిల్లలకు భలే సరదా. పిండి రొట్టె మధ్యలో ఒక కొవ్వు పలక పెట్టి మూస్తాం. దాన్ని పొడవుగా ఒత్తి మూడు మడతలు వేస్తే మూడు కొవ్వు పొరలు. తిప్పి, ఒత్తి, మళ్లీ మూడు మడతలు వేస్తే తొమ్మిది. మూడోసారి 27. నాలుగోసారి 81. ఐదోసారి 243. ఫ్రెంచివాళ్ల పాత పద్ధతిలో ఆరుసార్లు వేస్తారు, 729.

అన్ని పొరలుంటే అంత గొప్ప అనిపిస్తుంది కదా, అక్కడే చిక్కు. ఆఖరికి పిండిని 4 మిల్లీమీటర్ల మందాన ఒత్తామనుకోండి, సగం కొవ్వు, సగం పిండి. 729 పొరలైతే ఒక్కో పొర 3 మైక్రాన్లు కూడా ఉండదు. గోధుమ గంజిలో పెద్ద రేణువులే 20, 30 మైక్రాన్ల అడ్డం ఉంటాయి. రేణువు కంటే పలచని పొర చిరక్కుండా ఎలా నిలబడుతుంది? కొవ్వు అక్కడక్కడా తెగి పిండిలో కలిసిపోతుంది, పొరలు అతుక్కుంటాయి. 81 పొరలైతే ఒక్కోటి 25 మైక్రాన్లు వస్తుంది. చెయ్యి తిరిగిన మాస్టరు చల్లటి గదిలో ఆరు మడతలు వేసుకుంటాడేమో గానీ, ఇంట్లో మనకు నాలుగు చాలు. మా పిల్ల ఇదంతా కాగితం మీద వేసి చూసుకుని గానీ ఒప్పుకోలేదు.

ఇక అసలు తగువు కొవ్వుతో. మడతలు వేసేంతసేపూ కొవ్వు గట్టిగా ఉండకూడదు, కారకూడదు. గట్టిగా ఉంటే అప్పడాల కర్ర కింద పెళుసుగా విరిగి పిండిని కోసేస్తుంది. కారితే పిండి పీల్చేసుకుంటుంది, పొరలు ఉండవు, నూనె రొట్టె అవుతుంది. పిండి సాగినప్పుడు తానూ సాగే మెత్తదనం కావాలి. వెన్నకు ఆ గుణం ఉండేది సుమారు 15 నుంచి 20 డిగ్రీల మధ్య. గోరంట్లలో మే నెల మధ్యాహ్నం 40కి అటూ ఇటూ ఉంటుంది. అంటే మన వంటింట్లో వెన్న కూడా ఓడిపోతుంది. వీగన్లకు మాత్రమే వచ్చిన కష్టం కాదిది.

ఇంతకీ వెన్న ఎందుకు మెత్తగా గడ్డకడుతుంది, మన శెనక్కాయ నూనె ఎందుకు గడ్డకట్టదు? ఇక్కడ కాస్త కెమిస్ట్రీ తప్పదు. కొవ్వుల్లో పొడుగాటి కార్బన్ గొలుసులుంటాయి. స్టియరిక్ ఆమ్లం గొలుసులో 18 కార్బన్లు, అంతా తిన్నగా ఉంటుంది. ఓలియిక్ ఆమ్లంలోనూ 18 కార్బన్లే, కానీ మధ్యలో ఒక జంటబంధం ఉండి అక్కడ గొలుసు వంగుతుంది. కోతయ్యాక కందికట్టెలను మోపు కడితే ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా సర్దుకుంటాయి. వంకర తుమ్మకొమ్మలను మోపు కట్టండి చూద్దాం, ఎన్ని సందులో. తిన్నని గొలుసులు దగ్గరగా సర్దుకుంటాయి కాబట్టి స్టియరిక్ ఆమ్లం కరగాలంటే 69 డిగ్రీలు కావాలి. వంగినవి సర్దుకోలేవు కాబట్టి ఓలియిక్ 13, 14 డిగ్రీలకే కరిగిపోతుంది. శెనక్కాయ నూనెలో ఇలా వంగిన గొలుసులే ఎక్కువ. ఫ్రిజ్‌లో పెడితే మబ్బుగా చిక్కబడుతుందేమో గానీ వంటింట్లో మాత్రం కారుతూనే ఉంటుంది.

నూనెను గట్టిపరచడానికి మనిషి దొంగదారి ఒకటి కనిపెట్టాడు. నికెల్ పొడి సమక్షంలో హైడ్రోజన్ పంపితే జంటబంధం తెగి గొలుసు తిన్నగా అవుతుంది. నికెల్ మహిమ తెలిపిన ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ సబాటియేకి 1912లో నోబెల్ ఇచ్చారు. దాన్ని నూనెల మీద ప్రయోగించి జర్మనీలో విల్‌హెల్మ్ నార్మన్ 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆ దారిలోనే మన దేశానికి 1937లో డాల్డా వచ్చింది. ఖర్జూరం చెట్టు బొమ్మ ఉన్న ఆ పసుపుపచ్చ డబ్బా ఖాళీ అయ్యాక దాంట్లో తులసిచెట్టు పెట్టని ఇల్లు ఉండేది కాదు.

ఇంకో ముచ్చట చెప్పాలి, పప్స్‌కు సంబంధం లేకపోయినా. వనస్పతిని నెయ్యిలో కలిపి అమ్మేస్తారని ప్రభుత్వానికి భయం. అందుకని వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలపాలని చట్టం పెట్టారు. నువ్వుల నూనె ఉంటే బోడ్వా పరీక్షలో ఎర్రగులాబీ రంగు వస్తుంది. నెయ్యిని పరీక్షిస్తే ఆ రంగు వచ్చిందా, కల్తీ పట్టుబడినట్టే. దొంగ చేతికి ముందే గంట కట్టి పంపించారన్నమాట.

వనస్పతితో గొప్ప తంటా తరువాత తెలిసింది. హైడ్రోజన్ సగం సగం కలిపినప్పుడు కొన్ని జంటబంధాలు తెగకుండా ఉండిపోయి, వంపు మాత్రం పోయి తిన్నగా అవుతాయి. వీటిని ట్రాన్స్ కొవ్వులంటారు. ఓలియిక్‌లో ఉన్న పరమాణువులే, అన్నే కార్బన్లు, అన్నే హైడ్రోజన్లు, కానీ తిన్నగా అయ్యేసరికి కరిగే వేడి 13 నుంచి 45 డిగ్రీల దగ్గరికి పోతుంది. బేకరీకి అది వరం, గుండెకు శాపం. ట్రాన్స్ కొవ్వు చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచి మంచిదాన్ని తగ్గిస్తుందని 1990లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు మెన్సింక్, కాటన్ చూపించారు. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి మించకూడదన్నారు. ఇప్పుడు కంపెనీలు పామాయిల్‌లోని గట్టి భాగాన్ని విడదీసి, రకరకాల కొవ్వులను కలిపి ఆ మెత్తదనం తెస్తున్నాయి. పాతకాలపు డాల్డా అంత చెడ్డది కాదు గానీ, సంతృప్త కొవ్వు సంతృప్త కొవ్వే. వీగన్ అన్నంత మాత్రాన ఒంటికి మంచిదని అర్థం కాదమ్మీ, అది గుర్తుపెట్టుకో అని చెప్పాను.

మార్జరీను మరో తమాషా. మూడో నెపోలియన్ వెన్నకు చవక బదులు కావాలని బహుమతి ప్రకటిస్తే 1869లో మెజ్ మూరియే అనే కెమిస్టు దాన్ని తయారు చేశాడు. దేంతో అనుకున్నారు? ఎద్దు కొవ్వు, వెన్న తీసిన పాలతో. అంటే పుట్టుకతో మార్జరీను వీగన్ కానే కాదు. ఈనాటి బేకరీ మార్జరీనుల్లో కూడా కొన్నింట్లో పాలపొడి కలుస్తుంది. ప్యాకెట్టు వెనక అలర్జీ వివరాల్లో పాలు ఉన్నాయని రాయాలి, అది నిబంధన. కాబట్టి ఆకుపచ్చ చుక్క చూసి ఆగిపోకుండా వెనక చిన్నక్షరాలు చదవాలి. నాకు కళ్లజోడు లేకుండా కనబడవు, మనవరాలు చదువుతుంది.

సరే, డబ్బా కొవ్వు వద్దు, మనింట్లో ఏముంది? కొబ్బరినూనె ఉంది. అది 24, 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే డిసెంబరు తెల్లవారుజామున మన దగ్గర సీసాలో గడ్డకట్టి ఉంటుంది. పప్స్‌కు పనికొస్తుంది కదా అనుకుంటాం. సగమే పనికొస్తుంది. పాలకొవ్వులో దాదాపు 400 రకాల కొవ్వు ఆమ్లాలుంటాయి. ఒక్కోటి ఒక్కో వేడికి కరుగుతుంది కాబట్టి వెన్న మెల్లమెల్లగా మెత్తబడుతుంది, మనకు పని చేసుకోవడానికి వ్యవధి ఇస్తుంది. కొబ్బరినూనెలో దాదాపు సగం ఒక్క లారిక్ ఆమ్లమే. అది ఉన్నట్టుండి రాయిలా ఉంటుంది, ఉన్నట్టుండి నీరవుతుంది. మధ్యలో మెత్తగా ఉండేది రెండు మూడు డిగ్రీల మేర మాత్రమే. ఫ్రిజ్‌లోంచి తీయగానే ఒత్తితే పెటపెటా విరుగుతుంది, కాసేపు ఆగితే బల్ల మీద కారుతుంది.

అంతకంటే పెద్ద అడ్డంకి ఇంట్లో ఉంది. "తలనూనెతో పప్సా?" అని వాళ్ల అవ్వ మూతి తిప్పింది. కేరళవాళ్లు కూరలు వండుకుంటారని ఎంత చెప్పినా రాయలసీమ ముక్కుకు కొబ్బరినూనె అంటే జడే గుర్తొస్తుంది. వాసన తీసేసిన రిఫైన్డ్ కొబ్బరినూనె దొరుకుతుంది, దానితో ఆ గొడవ ఉండదు.

ఇక శెనక్కాయ నూనె. అనంతపురం నేల పండించేది అదే, కదిరి పరిశోధనా కేంద్రం వాళ్ల కదిరి 6, కదిరి లేపాక్షి విత్తనాలు వేయని రైతు తక్కువ. అది కారే నూనె అని ఇందాక చెప్పాను. కానీ మన ముసలమ్మలకు దీనికి విరుగుడు ఎప్పుడో తెలుసు. హిందూపురం పక్క పెళ్లిళ్లలో చిరోటి వడ్డిస్తారు చూడండి, పైన చక్కెర పొడి చల్లి, బాదం పాలు పోసి. ఆ చిరోటికి పొరలు ఎలా వస్తాయి? పలచని రొట్టెల మీద నెయ్యి, బియ్యంపిండి కలిపిన ముద్ద రాస్తారు. దాన్ని సాటి అంటారు. రొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టి, కోసి, మళ్లీ ఒత్తి కాలుస్తారు. తాపేశ్వరం మడత కాజాలోనూ ఉన్నది ఈ మడతల విద్యే.

ఆ సాటిలో బియ్యంపిండి ఎందుకు? అక్కడ నీళ్లు లేవు కాబట్టి బియ్యంపిండి ఉడకదు, అంటుకోదు. రేణువులు రేణువులుగానే ఉండి పొరల మధ్య కాపలా కాస్తాయి. వాటి సందుల్లో నూనె ఇరుక్కుని కారిపోకుండా నిలబడుతుంది. నెయ్యి బదులు శెనక్కాయ నూనె పోసినా ముద్ద ముద్దగానే ఉంటుంది. అంటే నూనె గడ్డకట్టకపోయినా, పిండి దాన్ని గడ్డలా నిలబెడుతుంది. చల్లటి గది, మార్జరీను, ఏదీ తప్పనిసరి కాదు. మలేషియాలో మెలికలు కనబడేట్టు చేసే కరిపాప్ కూడా ఇదే తీరు, నూనెపిండిని నీళ్లపిండిలో చుట్టి నూనెలో వేయిస్తారు. మన తెలుగువాళ్లు తోటల్లో పనికి పోయి స్థిరపడిన దేశం అది, అక్కడ కరిపాప్ వీధి వీధినా దొరుకుతుంది.

నేను పోటీ పెడితే ఈ సాటి పద్ధతికే ఓటేస్తాను. ఉన్నమాట చెప్పాలి, బేకరీ పప్స్ అంత ఎత్తు లేవదు. నూనెలో కొంత పిండిలోకి ఇంకుతుంది, ఆవిరికి పట్టు తగ్గుతుంది. కానీ పొరపొరా విడుతుంది, కరకరలాడుతుంది, పై దౌడకు కొవ్వు అంటదు. వనస్పతి పప్స్ తిన్నాక నోట్లో మైనం పూసినట్టు ఉంటుంది కదా, దానికి కారణం ఆ కొవ్వు మన ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు, పూర్తిగా కరగకపోవడం. శెనక్కాయ నూనెకు ఆ జబ్బు లేదు.

చేసే తీరు చెబుతాను. పావుకిలో మైదా, చిన్న చెంచాడు ఉప్పు, రెండు చెంచాల నూనె, ఒక చెంచా నిమ్మరసం. కాస్త పులుపు తగిలితే గ్లూటెన్ బిగుసుకోకుండా బాగా సాగుతుంది. చల్లటి నీళ్లు 130 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా పోస్తూ పూరీపిండి కంటే కొంచెం మెత్తగా కలపండి. తడిబట్ట కప్పి అరగంట వదిలేయండి. ఈ అరగంట తొందరపడకూడదు. పిసికినప్పుడు బిగిసిన గ్లూటెన్ సడలాలి, లేకపోతే ఎంత ఒత్తినా వెనక్కి ముడుచుకుంటుంది.

సాటికి బియ్యంపిండిలో శెనక్కాయ నూనె కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. చెంచా వంచితే జారకూడదు, వేలితో రాస్తే పరుచుకోవాలి. పిండిని పెద్ద పలచటి రొట్టెగా ఒత్తి సాటి రాసి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు. పది నిమిషాలు ఆగి, తిప్పి ఒత్తి, మళ్లీ సాటి రాసి మూడు మడతలు. ఇంకోసారి. ఎండకాలమైతే మధ్యమధ్య ఫ్రిజ్‌లో పెట్టండి. ఆఖరికి నాలుగు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, పదునైన కత్తితో చదరంగా కోయండి. మొద్దు కత్తితో నొక్కి కోస్తే అంచుల్లో పొరలు అతుక్కుపోయి లేవవు. మసాలా పెట్టి మడిచాక కూడా కోసిన అంచులను వేళ్లతో తడమకండి.

లోపలి మసాలా మీ ఇష్టం. ఉర్లగడ్డ ఎర్రగడ్డ ఎటూ ఉంది. నాకు మాత్రం ఊరిబిండి గుర్తొచ్చింది. వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, కాస్త చింతపండు, వెల్లుల్లి, నీళ్లు లేకుండా బరకగా దంచి, వేయించిన ఎర్రగడ్డల్లో కలిపితే చాలు. చింతపండుకు హిందూపురం మార్కెట్టు ఉండనే ఉంది. మసాలా ఏదైనా పొడిగా ఉండాలి, పూర్తిగా చల్లారాలి. వేడి కూర పెడితే కింది పొర లోపలే ఉడికి పచ్చిముద్దగా మిగులుతుంది. బేకరీ పప్స్ అడుగు తరచుగా మెత్తగా ఉండటానికి కారణం ఇదే.

పైన మెరుపు, రంగు కావాలంటే బేకరీలో పాలు గానీ గుడ్డు గానీ పూస్తారు. మనవరాలు పట్టుకున్న "దాదాపు" ఇక్కడే ఉంది. ఆ రంగు మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి చేసే పని. 1912లో లూయీ కమీల్ మయార్ అనే ఫ్రెంచి వైద్యుడు దాన్ని వివరించాడు, అందుకే మయార్ చర్య అంటారు. దానికి కావాల్సిన మాంసకృత్తులు శెనక్కాయల్లో ఉన్నాయి, బరువులో దాదాపు నాలుగో వంతు. ఒక గుప్పెడు నానబెట్టి, రుబ్బి, వడకట్టి, ఆ పాలలో చిటికెడు బెల్లం వేయండి. చక్కెర కాదు, బెల్లమే. మామూలు చక్కెర ఉన్నదున్నట్టుగా ఈ చర్యలో పాల్గొనదు. బెల్లంలో కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు విడిగా ఉంటాయి, అవి పాల్గొంటాయి. కుంచెతో పైన మాత్రమే పూయండి, అంచుల మీద కారనివ్వకండి.

ఓవెన్ ముందే 210 డిగ్రీలకు కాగి ఉండాలి. చల్లటి ఓవెన్‌లో పెట్టి కాగబెడితే ఆవిరి పుట్టేలోగా నూనె కారిపోతుంది. పది పన్నెండు నిమిషాలయ్యాక 190కి తగ్గించి, రంగు వచ్చేవరకు ఉంచండి. తలుపు తీసి తొంగిచూడటం మానుకోవాలి, మా ఇంట్లో ఆ ఒక్క పని మాత్రం ఎవరివల్లా కాదు. ఓవెన్ లేకపోతే మధ్యస్తపు మంట మీద నూనెలో నిదానంగా వేయించండి. పెద్ద మంటైతే పైన మాడి లోపల పొరలు పచ్చిగా ఉంటాయి.

ఎగ్ పప్స్ మానలేనివాళ్ల సంగతి కూడా అడిగింది పిల్ల. గుడ్డు వాసనకు మూలం గంధకం, ఉడికినప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు. నల్ల ఉప్పులోనూ ఆ గంధకపు వాసనే ఉంటుంది. సోయా పన్నీరు ముక్కను పసుపు, మిరియాలు, నల్ల ఉప్పుతో వేయించి లోపల పెడితే వాసన వరకు మోసం చేయొచ్చు. నాకు నచ్చలేదు. ఊరిబిండి ఉండగా గుడ్డు వేషం ఎందుకని నా అభిప్రాయం. దానికి నచ్చింది, రెండు తిన్నది.

బెంగళూరు పోయేటప్పుడు బస్టాండు బేకరీలో ఆగి రెండు ప్రశ్నలు అడిగింది. పొరల్లో ఏ కొవ్వు, పైన ఏం పూస్తారు? మాస్టరు మార్జరీను డబ్బా అట్ట తెచ్చి చేతిలో పెట్టాడు, అందులో పాలు లేవు. పైన మాత్రం పాలు పూస్తాడు. "పొద్దున ఏడు లోపల చెబితే మీవి విడిగా నూనె పూసి పెడతాను మేడం, రంగు రాలేదని మాత్రం అనొద్దు" అన్నాడు. శెనక్కాయ పాలు, బెల్లం సంగతి నేను ఎత్తబోతే బస్సు వచ్చేసింది.